ఆన్‌లైన్ కాలిక్యులేటర్ ఉండగా అణుభారం చేత్తో కట్టడం ఎందుకు?

ఫార్ములా టైప్ చేస్తే అణుభారం చెప్పేసే కాలిక్యులేటర్లు నెట్‌లో బోలెడు ఉన్నాయి కదా, ఇంకా చేత్తో లెక్క కట్టడం నేర్చుకోవాలా, తేలికైన పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు.

నేర్చుకోవాలి. పద్ధతి కూడా తేలికే. ఒక్కో మూలకం పరమాణువులు ఎన్ని ఉన్నాయో చూసి, ఆ సంఖ్యను దాని పరమాణు భారంతో గుణించి, అన్నీ కలిపేయడమే. కాలిక్యులేటర్ చేసేదీ అదే, దాని లెక్కలో లోపమేమీ లేదు. దానికి మనం ఏ ఫార్ములా ఇస్తున్నామన్నదే నా బాధ. చాలా ఏళ్లుగా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. అణుభారం తప్పింది అంటే ఫార్ములా సరిగ్గా చదవలేదు అనే నాకు అర్థం. కూడికలో తప్పు పోయేవాళ్లు బహు తక్కువ.

ఒకసారి ఒక బ్యాచ్‌కి పర్మాంగనేట్ టైట్రేషన్ ఇచ్చాను, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో చర్య జరిపి పర్మాంగనేట్ గాఢత కనుక్కోవడం. ఆక్సాలిక్ యాసిడ్‌తో 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్; ఒక మోల్ అంటే అణుభారం ఎంతో అన్ని గ్రాములు) ద్రావణం 250 మిల్లీలీటర్లు తయారు చేసుకోవాలి. పర్మాంగనేట్ నిజానికి 0.02 మోలార్, పిల్లలు తేల్చాల్సింది అదే. పిపెట్‌తో 10 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ యాసిడ్ తీసుకుని, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి, 60 డిగ్రీలకు వేడిచేసి టైట్రేట్ చేస్తే బ్యూరెట్‌లో (పర్మాంగనేట్ పోసిన కొలత గొట్టంలో) కూడా దాదాపు 10 దిగాలి. మిగతా బల్లల మీద అలాగే వచ్చింది. ఒక బల్ల మీద మాత్రం 7.1 దగ్గరే లేత గులాబీ రంగు వచ్చి నిలిచిపోయింది, అంటే చర్య అక్కడితో పూర్తయింది. మళ్లీ చేస్తే 7.2. మళ్లీ 7.1.

"మేడమ్, రీడింగ్స్ కలిశాయి, రికార్డులో రాసేసుకోమంటారా?" అని అడిగింది ఆ బల్ల దగ్గరున్న అమ్మాయి. రీడింగ్స్ కలిస్తే చాలు, విలువ సరైనదే అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని వాళ్లకు అలవాటు చేసింది మార్కుల పద్ధతే. మూడు రీడింగ్స్ కలిస్తే మార్కులు పడతాయి. ఆ విలువ అసలు రావలసిందేనా అని అడిగే ప్రశ్నకు మార్కులు ఉండవు.

పక్క బల్లలో 10 వస్తోందని చెప్పగానే టెన్షన్ పడ్డారు. బ్యూరెట్ కడిగారు. పిపెట్ మార్చారు. ఫ్లాస్క్ సరిగ్గా వేడెక్కలేదేమో అన్నాడు ఒకబ్బాయి. నేను నోట్‌బుక్ అడిగాను. తూకం 1.1254 గ్రాములు అని నాలుగో దశాంశం వరకు చక్కగా రాసి ఉంది. దాని పైన అణుభారం 90.03. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి, రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, నాలుగు ఆక్సిజన్లు అని పాఠంలో ఉన్న ఫార్ములానే కొట్టారు. అది ఇచ్చిన జవాబు నిజమే. కానీ బల్ల మీద ఉన్న సీసాలో ఉన్నది ఆ పదార్థం కాదు. సీసా తిప్పి లేబుల్ చూపించాను. పెద్ద అక్షరాల్లో ఆక్సాలిక్ యాసిడ్, దాని కింద చిన్న అక్షరాల్లో డైహైడ్రేట్. అంటే ఒక్కో అణువుతో పాటు రెండు నీటి అణువులు స్ఫటికంలోనే ఉన్నాయి.

అక్కడే కూర్చోబెట్టి చేత్తో కట్టించాను. కార్బన్ రెండు, 24.022. హైడ్రోజన్ రెండు, 2.016. ఆక్సిజన్ నాలుగు, 63.996. మొత్తం 90.034. దానికి రెండు నీళ్లు, ఒక్కోటి 18.015, కలిపితే 126.064. కావలసిన తూకం 1.576 గ్రాములు. ఇప్పుడు 90ని 126తో భాగించమన్నాను. 0.714 వచ్చింది. ఆ అమ్మాయి బ్యూరెట్ వైపు చూసింది. 10 రావలసిన చోట 7.1 ఎందుకు వచ్చిందో నేను ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఎవరూ పట్టించుకోకపోతే ఆ పర్మాంగనేట్ గాఢత 0.028 మోలార్ అని తేల్చేవాళ్లు. దాంతో తర్వాత ఏదైనా నమూనాలో ఇనుము శాతం కడితే 40 శాతం ఎక్కువ చూపించేది. పరికరాలన్నీ బాగున్నాయి, చేయి స్థిరంగా ఉంది, తూకం కచ్చితంగా ఉంది, జవాబు మాత్రం పూర్తిగా తప్పు.

చేత్తో చేసేటప్పుడు మనిషి ఫార్ములాలోని ప్రతి అక్షరం దగ్గరా ఆగుతాడు. అందుకే నేను పట్టుబడతాను. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో బ్రాకెట్ బయట ఉన్న 2 లోపలి ఆక్సిజన్‌కీ హైడ్రోజన్‌కీ రెండింటికీ వర్తిస్తుంది, అప్పుడే 74.09 వస్తుంది. అల్యూమినియం సల్ఫేట్‌లో సల్ఫేట్ బ్రాకెట్ బయట 3 ఉంటుంది, లోపల ఆక్సిజన్లు నాలుగు, కాబట్టి మొత్తం పన్నెండు. అల్యూమినియం రెండు, సల్ఫర్ మూడు కలిపితే 342.1. మైలుతుత్తం (నీటితో కూడిన కాపర్ సల్ఫేట్, CuSO₄·5H₂O) ఫార్ములాలో మధ్య చుక్క ఒకటి ఉంటుంది. దాన్ని గుణకారం గుర్తు అనుకునేవాళ్లు ఉన్నారు. చుక్క తర్వాతి 5ను హైడ్రోజన్‌కే అంటించి, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ అని లెక్కపెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. అది అయిదు పూర్తి నీటి అణువులు. కాపర్ సల్ఫేట్ 159.6, నీళ్లు 90.1, కలిపి 249.7.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా ఇలాంటిదే. సి పెద్దది, ఓ చిన్నది అయితే కోబాల్ట్, 58.93. రెండూ పెద్దవి అయితే కార్బన్ మోనాక్సైడ్, 28.01. ఫోన్ కీబోర్డు తనంతట తానే అక్షరం మార్చేస్తే కాలిక్యులేటర్ నోరెత్తదు, ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. చేత్తో రాసేవాడికి ఆ ప్రమాదం లేదు.

పాఠ్యపుస్తకాల మీద కూడా నాకొక కోపం ఉంది. క్లోరిన్‌కు 35.5, రాగికి 63.5 అని గుండ్రం చేసి ఇచ్చి, ఆ లెక్కల జవాబుల్ని నాలుగు దశాంశాల వరకు అచ్చువేస్తారు. మొదటి దశాంశం దగ్గరే సర్దుబాటు చేసిన అంకె నుంచి నాలుగో దశాంశం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా క్లోరిన్ 35.45 ఎందుకైందో ఎక్కువమంది చెప్పరు. ప్రకృతిలోని క్లోరిన్ పరమాణువుల్లో 35 ద్రవ్యరాశి ఉన్నవి నాలుగింట సుమారు మూడు వంతులు, 37 ఉన్నవి ఒక వంతు ఉంటాయి, ఆ సగటే అది. ఇది చెప్పకుండా పరమాణు భారాలు బట్టీ పట్టించడం పిల్లల బుర్రకు చేసే అన్యాయం. పట్టిక గోడ మీద ఉంటుంది, చూసుకుంటారు. ఫార్ములా చదవడం మాత్రం ఏ గోడ మీదా ఉండదు.

ఫార్ములా తెలియకపోతే భారమూ తెలియదు అన్నదానికి చరిత్రే సాక్ష్యం. నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అని పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ అనుకున్నాడు. దాంతో ఆక్సిజన్ భారం 16లో దాదాపు సగానికి పడిపోయింది. 1861లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకులే ఒక్క ఎసిటిక్ యాసిడ్‌కే అప్పటికి చెలామణిలో ఉన్న 19 ఫార్ములాలను వరసగా చూపించాడు. అంతకు ముందు ఏడు, 1860లో, జర్మనీలోని కార్ల్స్‌రూహ్ నగరంలో రసాయన శాస్త్రవేత్తలంతా కూడినప్పుడు ఇటలీకి చెందిన కన్నిజారో చూపిన దారి వల్లే పరమాణు భారాల విషయంలో క్రమంగా ఒక ఒప్పందం కుదిరింది. వాళ్లంతా కూడికలు రాక కొట్టుకోలేదు.

ఇక మీరు ల్యాబ్‌లో పనిచేసేవాళ్లయితే ఒక మాట. సోడియం కార్బనేట్ అనే పేరుతోనే మూడు రకాల సీసాలు దొరుకుతాయి. నీరు లేనిది 106, ఒక నీటి అణువుతో 124, పది నీటి అణువులతో 286. ముందు సీసా లేబుల్ చదవండి, తర్వాత ఫార్ములా రాయండి, ఆ తర్వాతే లెక్క. పది నీళ్ల రకం పొడి గాలిలో ఉంటే స్ఫటికాల మీద తెల్లటి పొడి పడుతుంది, అంటే నీరు పోతోంది. మూత తీసి చాలాకాలం వాడిన సీసాలో 286కీ లోపలి పదార్థానికీ పొంతన ఉండదు, దానికి ఏ కాలిక్యులేటరూ సాయం చేయలేదు. ప్రామాణిక ద్రావణం (గాఢత కచ్చితంగా తెలిసినది) కావాలంటే నీరు లేని రకాన్నే తీసుకుని, 260-270 డిగ్రీల దగ్గర వేడిచేసి, డెసికేటర్‌లో (తేమ తగలని మూత పాత్రలో) చల్లార్చి, 105.99తో లెక్క కట్టి తూచండి.