ఇంగ్లండ్ రాజనౌకాదళం ఎదిగింది ఫిరంగుల వల్లేనా?

1547లో హెన్రీ 8 పోయేనాటికి యాభై చిల్లర ఓడలున్న నౌకాదళం 1688 నాటికి 173 ఓడలకు ఎలా చేరిందని, అందుకు మంచి ఓడలూ ఫిరంగులే కారణమా అని మీరు అడిగారు. నా లెక్కలో ఓడ కట్టడమే అందులో తేలికైన పని. పార్లమెంటు ఒకసారి డబ్బు ఇస్తే చాలు, ఏ రాజైనా కట్టిస్తాడు. ఆ ఓడను పాడవకుండా ఉంచడం, అందులోని వందలమందికి తిండీ జీతమూ అందించడం, పని అయ్యాక బాకీ తీర్చి ఇంటికి పంపడం... వ్యవహారం చెడేది అక్కడే.

ముందు ఆఫీసుల సంగతి. 1546లో ఏర్పడిన మండలే తర్వాత నేవీ బోర్డు అయింది. ట్రెజరర్‌ది డబ్బు, కంట్రోలర్‌ది లెక్కల తనిఖీ, సర్వేయర్‌ది ఓడల మరమ్మతు, క్లర్క్‌ది కాగితాలు. ఏ ఓడ ఎటు వెళ్లాలో చెప్పేది అడ్మిరాల్టీ. ఫిరంగులూ మందుగుండూ ఈ రెండింటి చేతిలోనూ లేవు, అవి ఆర్డ్‌నెన్స్ ఆఫీసువి. ఓడ కదలాలంటే మూడు చోట్ల ఫైలు కదలాలి. సెక్రటేరియట్ చుట్టూ తిరిగినవాళ్లకు దీన్ని వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

తిండి ఎంత పెద్ద పనో 1677 కాంట్రాక్టు చూస్తే తెలుస్తుంది. మనిషికి రోజుకో పౌను గోధుమ బిస్కట్, ఒక గ్యాలన్ బీరు. వారంలో నాలుగు రోజులు ఉప్పులో ఊరేసిన మాంసం, మిగతా మూడు రోజులు చేప, వెన్న, జున్ను. 500 మంది ఉన్న ఓడ 84 రోజులు తిరగాలంటే బిస్కట్ ఒక్కటే 42,000 పౌన్లు, అంటే దాదాపు 19 టన్నులు. బీరు లక్షన్నర లీటర్లు దాటుతుంది. ఇదంతా నిలవుండేది పీపాల్లో, కాబట్టి పీపాచెక్క ఆరనిదైతే పని అయిపోయినట్టే. 1587లో ఇంగ్లిష్ నౌకాధిపతి డ్రేక్ పోర్చుగల్ తీరంలో ఆరిన పీపాచెక్కల నిల్వలు తగలబెట్టేశాడు. మరుసటేడు ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన ఓడల దండు, ఆర్మడా, పచ్చి చెక్క పీపాలతోనే బయల్దేరింది. అవి కారి, తిండీ నీళ్లూ దార్లోనే పాడయ్యాయి.

అసలు ముడి జీతాల్లో ఉంది. 1653 నుంచి అనుభవమున్న నావికుడికి నెలకు 24 షిల్లింగులు, సాధారణ నావికుడికి 19. నెలంటే 28 రోజులు. ఈ జీతం నెలనెలా చేతికి రాదు, ఓడ పని ముగిశాక మొత్తం ఒకేసారి ఇవ్వాలి. ఖజానాలో నగదు లేకపోతే టికెట్ ఇచ్చేవాళ్లు. పేరు, ఓడ, ఏ తేదీనుంచి ఏ తేదీదాకా పనిచేశాడు, హోదా ఏమిటి అన్నవి దాని మీద రాసి అధికారులు సంతకాలు పెట్టేవాళ్లు. లండన్ ఆఫీసులో దాన్ని ఓడ పుస్తకంతో సరిచూసి, తేడా లేకపోతే డబ్బిచ్చేవాళ్లు, అదీ ఉంటే. పోర్ట్స్‌మత్‌లో దిగినవాడు లండన్ దాకా పోయి పడిగాపులు పడలేక, టికెట్‌ను తక్కువకే దళారికో సత్రంవాడికో అమ్ముకునేవాడు.

ఇందులో ఇంకో ఉచ్చు ఉంది, చాలామంది గమనించరు. బాకీ తీర్చే నగదు లేదని ఓడను పనిలోనే ఉంచితే, నిలిచి ఉన్న ప్రతి రోజుకూ కొత్త జీతం, కొత్త తిండి. అంటే డబ్బు లేకపోవడమే ఖర్చు పెంచుతుంది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని వ్యాపారులు కలపకూ నారకూ తారుకూ ముందే ధర పెంచి చెప్పేవాళ్లు. 1667లో పెద్ద ఓడల్ని తయారుచేసే స్తోమత లేక రేవులో కట్టేశారు. జూన్‌లో, అప్పట్లో ఇంగ్లండ్‌తో యుద్ధంలో ఉన్న డచ్చివాళ్లు ఇంగ్లండ్‌లోని మెడ్వే నదిలోకి వచ్చి, గొలుసు అడ్డు దాటి, ఓడలు కాల్చి, రాయల్ చార్లెస్ అనే పెద్ద యుద్ధనౌకను లాక్కెళ్లారు. డచ్చి ఓడల మీద ఇంగ్లిష్ నావికులు కూడా ఉన్నారు. ఇన్నాళ్లూ టికెట్ల కోసం కొట్టుకున్నాం, ఇప్పుడు డాలర్ల (డచ్చివాళ్లిచ్చే వెండి నాణేల) కోసం అని వాళ్లు కేకలేశారట.

ఇక కట్టిన ఓడలు కుళ్లడం. 1677లో పార్లమెంటు 30 కొత్త ఓడలకు డబ్బిచ్చింది: ఒకటి మొదటి తరగతిది (అన్నిటికన్నా పెద్దది), 9 రెండోవి, 20 మూడోవి. 1684లో అడ్మిరాల్టీ కార్యదర్శిగా మళ్లీ పదవిలోకొచ్చిన శామ్యూల్ పీప్స్ చూసేసరికి వాటిలో చాలా ఓడలు రేవులోనే కుళ్లుతున్నాయి. కింది గదులు శుభ్రం చేయలేదు, హాచ్‌లు, అంటే డెక్కు మీది మూతలు, తెరవక గాలాడలేదు. లోపల వేడెక్కి, తేమ పట్టి, బూజు పెరిగింది. తన పిడికిలంత పుట్టగొడుగులు తానే కోశానని పీప్స్ రాశాడు. తప్పు బాల్టిక్ ప్రాంతం నుంచి తెచ్చిన చెక్క పలకలదని కొందరు వాదించారు. నాకు మాత్రం రోజూ హాచ్ తెరవాల్సిన మనిషి లేకపోవడమే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. 1686లో ప్రత్యేక కమిషన్ వేసి, ఏడాదికి 4 లక్షల పౌన్ల ఖర్చు లెక్కన మరమ్మతులు సాగించారు.

ఘనత పీప్స్ ఒక్కడికే కట్టబెట్టకండి. ఓడల సంఖ్య బాగా పెరిగింది 1649 తర్వాత, రాజే లేని కాలంలో. పీప్స్ తెచ్చిన గట్టి మార్పు 1677 నాటి లెఫ్టినెంట్ (కెప్టెన్ కింది అధికారి) పరీక్ష: ఇరవై ఏళ్లు నిండాలి, మూడేళ్లు సముద్రం మీద గడిపి ఉండాలి, పరీక్షలో నెగ్గాలి. గొప్పింటి సిఫార్సు ఒక్కటే ఇక చాలలేదు. అప్పు సంగతికొస్తే 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వచ్చాక ప్రభుత్వానికి పెద్ద మొత్తాలు పుట్టడం తేలికైంది. ఆ వెసులుబాటు నావికుడి జీతం దాకా మాత్రం రాలేదు. 1653 నాటి ఆ 24 షిల్లింగులు 1797లో పోర్ట్స్‌మత్ దగ్గరి స్పిట్‌హెడ్‌లో నావికులు తిరుగుబాటు చేసేదాకా పెరగలేదు.