మొదటిసారి గుర్రాలతో స్టేట్ పార్క్ క్యాంపింగ్: టెక్సస్‌లో ఏ పార్కు, ఏ జాగ్రత్తలు?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్నారు, ఆర్‌వీ (లోపలే పడుకుని వండుకునే వీలున్న పెద్ద బండి) అద్దెకు తీసుకుంటారు, గుర్రాలున్న స్నేహితుల కుటుంబం వాళ్ల ట్రైలర్‌తో వస్తుంది, పిల్లలకి ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. ఏ స్టేట్ పార్కు బాగుంటుంది, ఏం చూసుకోవాలి?

మా అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటూ ఉండటంతో, ఆమె క్లాసుల్లో పరిచయమైన కుటుంబంతో మేమూ ఇలాగే వెళ్తుంటాం. గుర్రం వాళ్లది, వంట మాది. నేను చెప్పగలిగిన ముఖ్యమైన మాట: పార్కుని ఆర్‌వీ కోసం కాదు, గుర్రం కోసం ఎంచుకోండి. మనం ఒక రాత్రి ఏసీ లేకుండా సర్దుకోగలం. నీళ్లు దొరకని చోట గుర్రం సర్దుకోలేదు.

మొదటిసారికి నా ఓటు లేక్ మినరల్ వెల్స్ స్టేట్ పార్కుకి. ఫోర్ట్‌వర్త్ దాటి పడమరగా గంట ప్రయాణం, గుర్రం అలసిపోదు. గుర్రాలతో వచ్చేవాళ్లకి క్యాంపింగ్ ప్రాంతం వేరుగా ఉంది, పక్కనే స్వారీ దారులు. పాత రైలు మార్గాన్ని తీసేసి చేసిన 20 మైళ్ల ట్రెయిల్‌వే కూడా వెదర్‌ఫర్డ్ దాకా వెళ్తుంది. పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు కాబట్టి కొత్తవాళ్లకి హాయి. పిల్లలు అదే దారిలో సైకిళ్లు తొక్కుకోవచ్చు.

బుకింగ్ దగ్గర ఒక మెలిక ఉంది. గుర్రాల సైటుల్లో (అంటే గుర్రాలతో దిగే క్యాంపింగ్ జాగాల్లో) చాలావాటికి కరెంటు ఉండదు, ఆర్‌వీకి కరెంటు తగిలించుకునే హుక్అప్ ఉండే సైటులు పార్కులో ఇంకో వైపు ఉంటాయి. గుర్రం లేనివాళ్లు గుర్రాల సైటు బుక్ చేసుకోకూడదన్న నియమం కూడా చాలాచోట్ల ఉంది. అందుకే మీ స్నేహితులు గుర్రాల సైటు, మీరు కరెంటున్న సైటు విడివిడిగా తీసుకోవడం మేలు. అందరూ ఒకేచోట ఉండాలనుకుంటే వాళ్ల సైటులోనే చేరొచ్చు, కానీ ఒక్కో సైటుకి మామూలుగా 8 మందే హద్దు. మనవాళ్లు ‘ఇంకో రెండు ఫ్యామిలీలు కూడా వస్తామంటున్నారు’ అని ఆఖర్న కలుపుతారే, ఆ ముచ్చట ఇక్కడ కుదరదు. బుకింగ్ ఐదు నెలల ముందు తెరుస్తారు, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వారాంతాలు త్వరగా నిండిపోతాయి. స్టేట్ పార్కుల ఏడాది పాస్ ఉంటే మీ బండిలో వచ్చినవాళ్లందరికీ ప్రవేశ రుసుము ఉండదు. సైటు అద్దె మాత్రం వేరే కట్టాలి. అద్దె ఆర్‌వీకి గుర్రాల ట్రైలర్ తగిలించుకుంటామంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు కాబట్టి, ఆ పని స్నేహితుల పికప్‌కే వదిలేయండి.

ఇక కాగితం. టెక్సస్ స్టేట్ పార్కుల్లోకి గుర్రాన్ని తేవాలంటే గత 12 నెలల్లో చేయించిన కాగిన్స్ పరీక్ష నెగటివ్ అని చూపాలి. ఇది గుర్రాలకి వచ్చే ఒక రకం అంటు రక్తహీనత కోసం చేసే రక్తపరీక్ష. ఆ జబ్బు జోరీగల్లాంటి రక్తం పీల్చే ఈగల ద్వారా ఒక గుర్రం నుంచి ఇంకోదానికి పాకుతుంది, మందు లేదు, టీకా లేదు. పాజిటివ్ వస్తే ఆ గుర్రాన్ని చంపేయడమో, బతికినంతకాలం మిగతావాటికి దూరంగా ఉంచడమో తప్ప ఇంకో దారి లేదు. ఆ పత్రంలో గుర్రం ఒంటి మీది మచ్చల గుర్తులు కూడా ఉంటాయి, పక్కింటి గుర్రం కాగితం చూపిస్తే నడవదు. మీ స్నేహితులకి ఇది తెలిసే ఉంటుంది, అయినా బయల్దేరేముందు ‘కాగిన్స్ పెట్టుకున్నారా?’ అని ఒకసారి అడగండి.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. చిక్కేమిటంటే కొత్త ఊరి నీళ్ల వాసన నచ్చకపోతే ముట్టుకోదు. తాగకపోతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి రావచ్చు, గుర్రాల్లో అది ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. మేం వెళ్లే కుటుంబం ఇంటి నీళ్లు ఒక పెద్ద డబ్బాలో తెచ్చుకుంటారు. కొందరు ఇంటి దగ్గరే కొన్నిరోజులు నీళ్లలో కాస్త ఆపిల్ జ్యూస్ కలిపి అలవాటు చేస్తారు, అప్పుడు ఎక్కడి నీళ్లయినా ఒకే రుచిగా ఉంటాయి. ఎండుగడ్డి కూడా ఇంటిదే తేవాలి, రోజుకి ఎనిమిది పది కిలోలు పడుతుంది. దారిలో కొన్న అల్ఫాల్ఫా గడ్డితో జాగ్రత్త. అందులో బ్లిస్టర్ బీటిల్ అనే పురుగు ఉంటే, అది ఎండి చచ్చినా దాని విషం గుర్రాన్ని చంపగలదు.

పిల్లల గురించి. గుర్రానికి సరిగ్గా వెనకా, ముక్కు ముందూ ఉన్నది కనపడదు, కాబట్టి వెనక నుంచి పరిగెత్తుకుంటూ రావద్దని మళ్లీ మళ్లీ చెప్పాలి. తినడానికి పెడితే అరచేయి చాచి పెట్టాలి, అదీ యజమానిని అడిగాకే. గలగలలాడే ప్లాస్టిక్ సంచులు, గొడుగు తెరవడం, డ్రోన్, ఇవన్నీ దూరంగా ఉంచండి. దారిలో గుర్రం ఎదురైతే సైకిల్ దిగి పక్కకి, వాలు ఉంటే దిగువ వైపుకి నిలబడి, మామూలు గొంతుతో పలకరించమనండి. మాట వింటేనే ఇది మనిషి అని దానికి అర్థమవుతుంది. మా చిన్నాడు సిగ్గుతో నోరు మెదపడు, మా ఆవిడే వాడి తరఫున అన్ని గుర్రాలకీ గుడ్ మార్నింగ్ చెప్తుంటుంది. ఎక్కి కూర్చునేటట్లయితే స్వారీకని చేసిన హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. సైకిల్ హెల్మెట్ సరిపోదు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది. ఆరేళ్లవాడిని మాత్రం పెద్దవాళ్లెవరైనా తాడు పట్టుకుని నడిపిస్తూ తిప్పితే చాలు.

తర్వాత ఎప్పుడైనా బాండెరా దగ్గరి హిల్ కంట్రీ స్టేట్ నేచురల్ ఏరియాకి వెళ్లండి, ఒకప్పుడు రాంచ్‌గా ఉన్న భూమి అది, 1984లో జనానికి తెరిచారు. దాదాపు 40 మైళ్ల దారులున్నాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. కానీ మనుషులకి తాగునీరు మీరే మోసుకెళ్లాలి, దారంతా రాళ్లు కాబట్టి నాడాలు లేని గుర్రానికి కష్టం, డాలస్ వైపు నుంచి ఐదారు గంటల ప్రయాణం. చలికాలంలో వేట కోసం కొన్ని రోజులు మూసేస్తారు, తేదీలు చూసుకోవాలి. కాప్‌రాక్ కాన్యన్స్ అనే ఇంకో స్టేట్ పార్కు చూడటానికి అద్భుతం, కానీ అక్కడ అడవిదున్నల్లాంటి బైసన్ మంద స్వేచ్ఛగా తిరుగుతుంది. వాటి వాసన ఎరగని గుర్రం బెదిరిపోతుంది, మొదటిసారికి వద్దు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి, జనరేటర్ కూడా కట్టేయాలి. లద్దె ఎత్తడం ఆ సైటు తీసుకున్నవాళ్ల పనే. మీ పిల్లలకి పార ఇచ్చి చూడండి, ఎందుకో గానీ పిల్లలకి అది ఆటలాగే ఉంటుంది. మంట వేసుకునే ఆలోచన ఉంటే ఆ కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంట వేయకూడదన్న నిషేధం) ఉందేమో ముందే చూసుకోండి.

ఇంకొక్కటి స్నేహితుల్ని అడగండి: వాళ్ల గుర్రం రాత్రంతా బయట ఉండటం అలవాటుందా? పార్కులో మామూలుగా గుర్రపుసాల ఉండదు, చిన్న ఇనుప దొడ్డిలోనో, పైన ఎత్తుగా కట్టిన తాడుకో ఉండాలి. అలవాటు లేకపోతే వెళ్లే ముందు వారం ఇంటి పెరట్లో అలా ఒకట్రెండు రాత్రులు కట్టి చూడమనండి. అక్కడ కుదురుగా ఉంటేనే సైటు ఖాయం చేసుకోండి.