అత్తగారికి బెంగళూరు తిండి అలవాటు చేయాలంటే

ఊర్నుంచి పెద్దవాళ్లను బెంగళూరు తెచ్చుకున్న కొత్త సంసారాలు నన్నడిగేది దాదాపు ఒకటే. "అక్కా, అత్తయ్య ఇక్కడి వంట ఏదీ ముట్టుకోవడం లేదు. సాంబారులో బెల్లమేంటి అంటారు, రెండు పూటలా పెరుగన్నమే. ఏం చేయను?"

ముందు నోటి సంగతి చూడండి. వయసు పైబడితే రుచీ వాసనా మందగిస్తాయి. కట్టుడు పళ్లు వదులైతే నమలడమే నరకం. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి నోట్లో ఇనుము నాకినట్టు చేస్తుంది. వీటిని మొండితనం ఖాతాలో రాయకండి.

ఇవేవీ కాకపోతే నా లెక్క వేరు. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి ఇప్పుడు ఇండక్షన్ పొయ్యి ఎలా వెలిగించాలో కోడల్ని అడగాల్సి వస్తోంది. ఆవిడకు మిగిలిన పెత్తనమల్లా "నాకొద్దు" అనడమే. "ఆరోగ్యానికి మంచిదత్తయ్యా, ఒక్క ముద్ద" అని బతిమాలినకొద్దీ అది బిగుసుకుంటుంది. బతిమాలడం మానేసి పని అప్పజెప్పండి.

డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఏ సందులో చూసినా అవరెకాయి, అంటే అనపచిక్కుడు కాయల గుట్టలే. కిలో తెచ్చి ఆవిడ ముందు పోయండి. ఒలిచిన గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి నొక్కితే పొట్టు చేతిలో ఉండిపోయి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. సీరియల్ చూస్తూ కానిచ్చేస్తారు. చిత్తూరు, అనంతపురం వైపు వాళ్లయితే "ఇది మా పితికిపప్పే కదా" అని గరిటె లాక్కుంటారు. కోస్తా వాళ్లు ఒప్పుకోరు గానీ, అంతసేపు వలిచిన పప్పు ఎలా కుదిరిందో రుచి చూడకుండా ఉండలేరు.

కోసంబరి ఇంకా తేలిక. శ్రీరామనవమి వడపప్పులో దోసకాయ ముక్కలూ కొబ్బరీ వేసి తాలింపు పెట్టినట్టే. ప్రసాదంగా తిన్నదాన్ని కాదనరు.

రాగిముద్ద దగ్గరే తొందరపడతారు అందరూ. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, నిజమే, కానీ ఆ అంకెలు చెప్పి ఎవరిచేతా తినిపించలేం. ఇక్కడి ముద్ద ఉత్త రాగిపిండి, పైగా నమలరు, పులుసులో ముంచి మింగుతారు. గుంటూరు మనిషికి అది శిక్షే. మజ్జిగ కలిపిన రాగిజావతో మొదలుపెట్టి, తర్వాత బియ్యం వేసిన సీమ సంగటికి రండి. ముద్ద రాకపోయినా నష్టం లేదు.

సాంబారు గొడవ పెట్టుకోకండి. ఇక్కడ సాంబారుకు వాడే బ్యాడగి మిరపకు రంగెక్కువ, ఘాటు తక్కువ. మన కారానికి అలవాటుపడ్డ నాలుకకు అది చప్పగానే ఉంటుంది. బల్లమీద ఆవకాయ జాడీ ఉండనివ్వండి, బీపీ ఉంటే కాస్త చూసి వేసుకోమనండి.

మామగార్లను మాత్రం ఇంట్లో మార్చలేరు. సాయంత్రం నడకకని బయల్దేరదీసి, కూర్చునే చోటున్న దర్శిని (ఇక్కడి చిన్న టిఫిన్ హోటలు) చూసుకుని ఒక రవ్వ ఇడ్లీ చెప్పి, మీరే తినండి. ఆయన ప్లేటులో చెయ్యి పెడితే చూడనట్టుండండి.

రక్తం పలచబడ్డానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు బస్సారు (ఆకుకూర, పప్పు ఉడికించి వార్చిన నీళ్లతో చేసే చారు) పేరుతో ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి, డాక్టరుకు చెప్పి చేయండి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకైతే రాగిముద్ద అసలు వద్దు.