ఫోటో ముచ్చట: మిర్చి కల్లంలో పెళ్లి ఫోటోలు

ప్రశ్న: వచ్చే ఫాల్గుణంలో నా పెళ్లి. ఔట్‌డోర్ ఫోటోలకు ఫోటోగ్రాఫర్ వేరే ప్యాకేజీ అంటున్నారు, అది మా బడ్జెట్‌లో లేదు. మేమే ఫోనుతో తీసుకుని, ఎడిటింగ్ కూడా మేమే చేసుకుందామని అనుకుంటున్నాం. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర కొన్ని, మా నాన్న మిర్చి కల్లంలో కొన్ని తీయాలని ఉంది. నాది చామనఛాయ. ఎడిటింగ్ చేస్తే ముఖం సున్నం కొట్టినట్టు వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: బిడ్డా, ముందు ఫోన్ కెమెరాలో ‘బ్యూటీ’ అని ఉంటుంది చూడు, దాన్ని ఆపేయి. చాలా ఫోన్లలో మనం పెట్టకుండానే ఆన్‌లో ఉంటుంది. హన్మకొండలో స్టూడియో నడిపినన్నాళ్లూ పెళ్లివారు నన్ను ఎక్కువగా అడిగింది “పిల్లను కొంచెం తెల్లగా చేయండి సార్” అనే. నేను ఒప్పుకునేవాణ్ని కాదు. ముఖాన్ని ఎంత తెల్లగా చేసినా, గోరింటాకు చేయి చెంప పక్కకు వచ్చిందంటే గుట్టు రట్టే.

ఖిలాలో తోరణాలు నాలుగు, నాలుగు దిక్కులకు ఉంటాయి. సాయంత్రం తూర్పు తోరణానికి వీపు పెట్టి నిలబడితే, దిగిపోతున్న ఎండ నేరుగా మీ ముఖాల మీద పడుతుంది. చామనఛాయకు దాన్ని మించిన వెలుగు లేదు. కళ్లు చికిలిస్తాయనుకుంటే కెమెరాను వదిలేసి ఒకరినొకరు చూసుకోండి. అది కేంద్ర పురావస్తు శాఖ చూసే చోటు, ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. తమ్ముడో చెల్లెలో ఫోన్ పట్టుకుంటే సరిపోతుంది.

నన్నడిగితే మీ కల్లమే మేలు. తోరణాల ముందు ఫోటో అందరికీ ఉంటుంది. కల్లంలో ట్రైపాడ్‌కు ఎవరూ అడ్డు చెప్పరు, చిన్న బ్లూటూత్ రిమోట్ ఉంటే టైమర్ పెట్టి పరుగెత్తే టెన్షన్ కూడా ఉండదు. వెనక కెమెరానే వాడండి. ఫోన్‌ను దూరంగా పెట్టి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. దగ్గర పెట్టి 1ఎక్స్‌లో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, అంచున ఉన్నవాళ్లు సాగిపోతారు.

అయితే కల్లంలో ఒక చిక్కుంది. మిర్చి మీద పడ్డ ఎండ ఎర్రగా పైకి కొడుతుంది. కాయల మధ్యలో నిలబడితే గడ్డం కింద, మెడ మీద ఎరుపు పులుముకుంటుంది. తర్వాత తీసేద్దామని యాప్‌లో ‘రెడ్’ తగ్గిస్తే కుంకుమ బొట్టు, పెదాలు కూడా వెలిసిపోతాయి. అందుకని కల్లం అంచున, ఉత్త నేల మీద నిలబడి, మిర్చిని మీ వెనక్కి రానివ్వండి. ఎర్ర పట్టుచీర అక్కడ కలిసిపోతుంది, మీగడ రంగుదో ఆకుపచ్చదో కట్టుకో. కాయలు ముట్టుకున్న చేత్తో కాటుక సర్దుకోకు, ఆ రోజుకు ఫోటోలు బంద్!

తీసేటప్పుడు ముఖం మీద వేలు నొక్కి పట్టు, ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరుపు. ఫోటో కాస్త నల్లగా ఉన్నా ఫరవాలేదు, ఎడిటింగ్‌లో లేపుకోవచ్చు. ఎండకు జరీ తెల్లగా పేలిపోయిందంటే మాత్రం ఎవరి వల్లా కాదు.

ఎడిటింగ్‌కు లైట్‌రూమ్ మొబైల్ యాప్ చాలు. మొదట వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేయడం. అందులో డ్రాపర్ గుర్తు ఉంటుంది, దాన్ని తెల్లబట్ట మీద పెడితే మిగతా రంగులు వాటంతట అవే దారికొస్తాయి. పెళ్లినాటి ఫోటోలకు మధుపర్కాలు పనికొస్తాయనుకుంటారు గానీ, పసుపు అంటిన చోట డ్రాపర్ పెడితే ఫోటో మొత్తం నీలంగా మారుతుంది. ఒక కొత్త తెల్ల రుమాలు పట్టుకుని మొదటి ఫోటో తీసుకోండి, ఆ సెట్టింగ్‌నే అదే వెలుగులో తీసిన మిగతావాటికి కాపీ చేయొచ్చు. ముఖాన పసుపు ఎక్కువైందనిపిస్తే ‘యెల్లో’ మాత్రమే తగ్గించు. ‘ఆరెంజ్’ జోలికి పోకు, మన ఒంటి రంగు చాలావరకు అందులోనే ఉంటుంది.

ఫోటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోతుంది. 12 మెగాపిక్సెల్ ఫోటో 8×12 ప్రింట్‌కు నిక్షేపంగా సరిపోతుంది. అన్నీ ఒకేసారి ఇచ్చేయకుండా ముందు ఒక్కటి వేయించి చూడు. ఫోన్ వెలుగులో కనిపించినదానికన్నా కాగితం మీద కొంచెం నల్లగానే వస్తుంది, మిగతావాటికి ఆ మేరకు ఎక్స్‌పోజర్ (వెలుగు) పెంచుకుని ల్యాబ్‌కు ఇవ్వు.