సమాధానం: వద్దన్నా ప్లంబర్ ఎందుకొచ్చాడంటే

చెన్నైలో ప్లంబర్‌కి ఫోన్ చేసి, రానక్కర్లేదనే ఉద్దేశంతో 'అవసరం ఇల్లై' అన్నారు, మూడు రోజులాగి పానా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, అంతేనా? నవ్వాగలేదండీ. తప్పు ఎవరిదీ కాదు. తమిళంలో అవసరం అంటే తొందర. 'తొందరేం లేదు, మెల్లగా రండి' అని విన్నాడాయన. (మలయాళంలోనైతే అదే మాటకి అవకాశం అని అర్థం!)

వాక్యం రెండు రకాలుగానూ అతికింది కాబట్టి ఇద్దరికీ అనుమానం రాలేదు. అతకని మాట తగిలితే మెదడు ఊరుకోదు. 1980లో కూటస్, హిల్యార్డ్ అనే మెదడు పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో వాక్యం చివర పొసగని పదం కనిపించగానే, 400 మిల్లీసెకన్లకు అటూఇటూగా మెదడు తరంగం మారిపోయింది. మీకా ఉలికిపాటు గుమ్మం దగ్గర తగిలింది.

ఈసారి 'వేండాం' (వద్దు) అనండి, లేదా 'తేవై ఇల్లై' (అక్కర్లేదు). ఇంతకీ వచ్చినాయనకి కాఫీ అయినా ఇచ్చారా?