మోటారు కవరు మొరాయిస్తే

ప్రశ్న: మా ఈత కొలను 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. దానిపై మోటారుతో నడిచే కవరు వేయించి ఆరేళ్లయింది. మొన్న రాత్రంతా వాన కురిసింది. మర్నాడు తెరుద్దామని స్విచ్చు తాళం తిప్పి పట్టుకుంటే మోటారు మూలిగింది, కవరు జానెడు దూరం జరిగింది, అంతలోనే ఆగిపోయింది. మళ్లీ మళ్లీ తిప్పినా అదే తంతు. మోటారు కాలిపోయిందనీ, కొత్తది వేయించక తప్పదనీ చూసినవారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అలా అనిపించడం లేదు. కాలిపోయిన మోటారు కవరును జానెడు దూరం కూడా లాగలేదు. మీ లేఖలో ముఖ్యమైన మాట వాన. కవరు మీద నిలిచిన నీటిని తోడించారో లేదో మాత్రం మీరు రాయలేదు. 50 చదరపు మీటర్ల కవరు మీద ఒక్క సెంటీమీటరు లోతున నీరు నిలిచినా అది 500 లీటర్లు, అంటే 500 కిలోలు. కవరు పరచి ఉన్నంతసేపు ఆ బరువును కింద ఉన్న కొలను నీరే మోస్తుంది కనుక పైకి తేడా ఏమీ తెలియదు. కవరు డ్రమ్ముకు, అంటే కొలను చివర తిరిగే గొట్టానికి, చుట్టుకోవడం మొదలుకాగానే ఆ నీరంతా ముందుకు పోగుపడి, లాగే భారం మోటారు మీద పడుతుంది. భారం హద్దు మీరగానే విద్యుత్తు ఆగిపోయే ఏర్పాటు చాలా కవర్లలో ఉంటుంది. మీరు విన్న నిశ్శబ్దం బహుశా అదే.

కాబట్టి ముందుగా కవరు మీద లోతుగా ఉన్న చోట చిన్న పంపు పెట్టి నీటిని తోడించండి. అందుకోసం కవరు మీద నడవవద్దు. మోటారు వేడెక్కి ఆగి ఉంటే చల్లారడానికి సమయం కావాలి కనుక, అరగంట ఆగి ఒకసారి మాత్రమే ప్రయత్నించండి. కొలనులో నీటిమట్టం బాగా తగ్గినా కవరు కిందికి వేలాడి ఇదే ఇబ్బంది వస్తుంది.

అప్పటికీ కదలకపోతే, కవరు ముందు అంచు రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడండి. ఒక పక్క వెనకబడి ఉంటే ఆ పక్క ట్రాకును, అంటే కవరు అంచు జారే గాడిని, చివరిదాకా వేలితో తడిమి చూడాలి. శనగ గింజంత గులకరాయి చాలు, కవరు అంచు అక్కడే బిగుసుకుపోతుంది. కవరును లాగే తాడు దాని చక్రం మీద సరిగా చుట్టుకోకపోయినా ఇలాగే అవుతుంది. ఏది ఇరుక్కుందో తెలియకుండా తాళాన్ని తిప్పుతూ పోతే బట్ట చిరుగుతుంది. చిరిగిన బట్టతో పోలిస్తే గులకరాయి ఎంతో చవక!

మోటారు ఉన్న గుంతను కూడా చూడాలి, కానీ బ్రేకరు ఆపకుండా దాని మూత తీయవద్దు. అడుగున నీరు పోయే రంధ్రం ఆకులతో పూడిపోతే వాన నీరు మోటారు దాకా వస్తుంది. అలా మోటారు మునిగి ఉంటే మీరు చెయ్యి పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

మీ సమస్య ఇది కాకపోయినా మరో మాట. తాళం తిప్పితే చడీచప్పుడూ లేకుంటే బ్రేకరునూ, స్విచ్చినీ అనుమానించాలి. మోటారు హాయిగా తిరుగుతూ కవరు మాత్రం కదలకుంటే తాడు తెగి ఉండాలి, లేదా పళ్లచక్రాలను కాపాడేందుకే పెట్టిన మెత్తని పిన్ను విరిగి ఉండాలి. దాని స్థానంలో గట్టి ఇనుప మేకు దిగ్గొట్టే ప్రబుద్ధులున్నారు. తరువాతిసారి విరిగేది చక్రమే.

కవరు సగంలో ఆగి ఉన్నన్నాళ్లూ పిల్లలను కొలను దరిదాపులకు రానివ్వకండి. కవరు మీద నిలిచిన కొద్దిపాటి నీరు కూడా పసివారికి ప్రాణాంతకమే.

నీరు తోడించి, ట్రాకు శుభ్రపరిచి, గుంత పొడిగా ఉన్నాక కూడా మోటారు మూలుగుతూనే ఉంటే, అప్పుడు దాని కెపాసిటరును, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే విద్యుత్ భాగాన్ని, పరీక్షించమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. అది కూడా బాగానే ఉందని తేలాకే కొత్త మోటారు మాట ఎత్తండి.