ఫోనులో చూసి పుట్టగొడుగులు ఏరవచ్చా?

వానలు మొదలయ్యాయి, అడవి పుట్టగొడుగులు ఏరడం నేర్చుకోవాలని ఉంది, ఫోను యాప్ గుర్తుపట్టినవి వండుకోవచ్చా అని అడిగారు. దయచేసి వండుకోవద్దు. ఫొటోలో గొడుగు కనిపిస్తుంది కానీ మట్టిలో ఉన్నది కనిపించదు. నేను నమ్మే గుర్తు ఆ మట్టిలోనే ఉంది.

పాడేరు వైపు మా అమ్మమ్మ ఊళ్లో నేర్చుకున్నాను. ఉరుములతో వాన పడి మర్నాడు ఉక్కపోసిందంటే, తెల్లవారుతూనే చెదపుట్టల దగ్గరికి తీసుకెళ్లేది. కాడ పట్టుకుని లాగనిచ్చేది కాదు. చుట్టూ మట్టిని కర్రతో మెల్లగా తవ్వమనేది. తవ్వేకొద్దీ కాడ సన్నబడి, తోకలా జానెడు లోతుకు, ఒక్కోసారి మూరెడు లోతుకు దిగుతుంది. దాని మొదలు చెదల గూట్లో ఉంటుంది. చెదలు నమిలిన ఆకులతో, పుల్లలతో తేనెపట్టులాంటి దిమ్మలు కట్టి వాటి మీద ఈ శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. పుట్టగొడుగు అన్న పేరు ఊరికే రాలేదు! శాస్త్రజ్ఞులు దీన్ని టెర్మిటోమైసిస్ అంటారు. గొడుగు నడినెత్తిన గట్టి మొన కూడా ఉంటుంది.

పన్నెండేళ్ల వయసులో ఒకసారి పశువుల బీడులో పెద్ద పెద్ద తెల్ల గొడుగులు కనిపిస్తే ఒడినిండా కోసుకొచ్చాను. అమ్మమ్మ ముదిరినదాన్ని ఒకటి తీసి తిరగేసింది. అడుగు మడతలు పాచిరంగుకు తిరిగాయి, కాడకు ఉంగరంలాంటి పొర ఉంది, కింద తోక లేదు. ఏమీ అనకుండా అన్నీ గోతిలో పూడ్చేసింది. అవి క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అని చాలా ఏళ్లకు తెలిసింది. తింటే కొన్ని గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు వాటి మడతలు కూడా తెల్లగానే ఉంటాయి, మోసపోయేది అక్కడే. గొడుగును మడతలు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. చెదపుట్ట దగ్గర మొలిచేదైతే లేత గులాబీ రంగు పొడి రాలుతుంది, ఈ విషపుదైతే ఆకుపచ్చగా రాలుతుంది. అలాగని రంగు ఒక్కటే చూసి తినేయకండి, మిగతా గుర్తులన్నీ కలవాలి.

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పురుగులు తిన్నదైతే మనమూ తినవచ్చని చెప్పేవాళ్లుంటారు. రెండూ తప్పే. అమానిటా అనే పుట్టగొడుగుల జాతిలో కొన్నింటి విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల తర్వాతగానీ, ఒక్కోసారి మర్నాటికిగానీ వాంతులు మొదలుకావు. అవి తగ్గాయని ఊపిరి పీల్చుకునేలోపు కాలేయం దెబ్బతింటుంది. అనుమానం వస్తే 108కి ఫోన్ చేయండి, మిగిలిన ముక్కను వెంట తీసుకెళ్లండి.

ఈ ఏడాది మీరు ఏరబోయే చోటి ఊరివాళ్లు ఎవరైనా వెంట ఉంటేనే వెళ్లండి. చెదపుట్టల దగ్గర మొలిచే ఈ ఒక్క రకమే నేర్చుకోండి, ఏరిన ప్రతిదాన్నీ తోకదాకా తవ్వి వాళ్లకు చూపించండి. వాళ్లు ఏళ్లుగా తింటున్నదే ఇదని చెబితే బాగా ఉడికించి, మొదటిసారి రెండు ముక్కలకు మించకుండా తినండి. వండనిది ఒకటి కాగితంలో చుట్టి మర్నాటిదాకా దాచండి. పుట్ట కన్నాల్లో మాత్రం చేయి పెట్టవద్దు, పాములుంటాయి.